మొంథా తుపానులో కాన్పు, ఆ తర్వాత మూడు నెలలు: నా అనుభవం

డాక్టరుగారు ఇచ్చిన కాన్పు డేట్ 2025 నవంబరు 6. మొదటి కాన్పు కాబట్టి సీమంతం కాగానే విశాఖలోనే మధురవాడ నుంచి గాజువాకలోని పుట్టింటికి వచ్చేశాను. అక్టోబరు 25 నాగుల చవితి నాటికే టీవీల నిండా తుపాను వార్తలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఇంట్లో ఆ వార్తల్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. అప్పట్లో రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు లేక, పాల ప్యాకెట్ కోసం లైన్లు కట్టిన సంగతి అమ్మ మళ్లీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నాన్న మాట్లాడకుండా వెళ్లి కారులో పెట్రోలు కొట్టించి, ఏటీఎం నుంచి డబ్బు తీసుకొచ్చారు.

26 ఆదివారం సాయంత్రం డాక్టరుగారే ఫోన్ చేశారు. "రేపు పొద్దున్నే వచ్చి అడ్మిట్ అయిపోండమ్మా. నొప్పులు రాకపోతే గాలివాన తగ్గాక ఇంటికెళ్దురుగాని. అర్ధరాత్రి చెట్టు విరిగి రోడ్డు మీద పడితే గాజువాక నుంచి ఎలా వస్తారు?" అన్నారు. డేట్ దగ్గరపడ్డ గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు చేరుస్తున్నారని వార్తల్లో కూడా చెబుతున్నారు. సరే అనుకున్నాం.

సోమవారం ఉదయానికి ఆసుపత్రిలో సింగిల్ రూములు అయిపోయాయి. నాలాగే ముందు జాగ్రత్తగా వచ్చినవాళ్లే అందరూ. షేరింగ్ రూము దొరికింది. అడ్వాన్సు రూ.30 వేలు. ఇక్కడ మాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. నొప్పులు రాకుండా ముందే చేరితే ఆ రోజుల ఖర్చు ఇన్సూరెన్సులోకి రాదట. మా ఆయన కంపెనీ పాలసీలో కాన్పుకి రూ.50 వేల వరకే ఇస్తారు. అది మాకు తెలుసు. కానీ ఈ ముందు రోజుల రూము అద్దె పూర్తిగా మన జేబులోంచే అన్న సంగతి కౌంటర్ దగ్గర నిలబడ్డాకే చెప్పారు. తుపానుకీ కాన్పుకీ సంబంధం ఏంటని అడిగాడు ఆ అబ్బాయి. నాకు నవ్వొచ్చింది, మా ఆయనకి రాలేదు.

28 మంగళవారం పగలంతా వాన. గాలికి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. కరెంటు పోవడం, జనరేటర్ అందుకోవడం, ఆ మధ్యలో చీకటి. సాయంత్రం నుంచి నడుములో సన్నగా పీకుడు మొదలైంది. తుపాను నొప్పులు అని అందరూ జోకులు. రాత్రి పదికల్లా ఆ జోకులు ఆగిపోయాయి.

నొప్పుల గురించి చాలామంది రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. లోపల చెయ్యి పెట్టి చేసే పరీక్ష గురించి మాత్రం ముందే తెలుసుకుని వెళ్లండి. నాకు ఎవరూ చెప్పలేదు. నొప్పి వచ్చినప్పుడు చేస్తే ప్రాణం పోతుంది, "ఒక్క నిమిషం ఆగండి" అని అడగొచ్చు, ఆగుతారు. గర్భసంచి ముఖం తెరుచుకోవడం రాత్రంతా మూడు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. తుపాను నరసాపురం వైపు తీరం దాటేసిందని ఆయా వచ్చి చెప్పింది. అది దాటేసింది గానీ మా పాప కదల్లేదు. తెల్లవారేసరికి మానిటర్‌లో పాప గుండె చప్పుడు తగ్గి మళ్లీ పెరుగుతోంది. డాక్టరుగారు వచ్చి చూసి, ఇక ఆగకూడదు, ఆపరేషన్ చేద్దాం అన్నారు. మా ఆయన సంతకాలు పెడుతుంటే చేతులు వణకడం చూశాను. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

వెన్నులో ఇంజెక్షన్ నేను భయపడినంత లేదు. అసలు చెప్పాల్సింది ఆ తర్వాత వచ్చే వణుకు గురించి. పళ్లు టకటకా కొట్టుకున్నాయి, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, ఎంత ఆపుకుందామన్నా ఆగదు. నాకేదో అయిపోతోందని ఏడుపొచ్చింది. మత్తు డాక్టరు తల దగ్గర నిలబడి, "చాలామందికి ఇలాగే ఉంటుందమ్మా, కాసేపట్లో తగ్గుతుంది" అని చెప్పబట్టి సరిపోయింది. నొప్పి తెలియదు కానీ లాగడం, నొక్కడం అన్నీ తెలుస్తాయి. ఎనిమిది దాటాక ఏడుపు వినిపించింది. నర్సు పాపను నా మొహం దగ్గరికి తెచ్చి, కాళ్లు రెండూ విడదీసి చూపించి, "ఏ బేబీ అమ్మా? మీరే చెప్పండి" అంది. ఆడపిల్ల అని నా నోటితో నేనే అనాలట, తర్వాత గొడవలు రాకుండా. పళ్లు కొట్టుకుంటూనే చెప్పాను. 2.9 కిలోలు. కాలికి నా పేరుతో ట్యాగ్, అరికాలికి సిరా పూసి నా ఫైలులో ముద్ర. మా అమ్మాయికి ఈ లోకంలో మొదట దొరికిన పేరు "బేబీ ఆఫ్" పక్కన నా పేరు. గంట తిరక్కుండానే సొంత ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, సొంత బిల్లు కూడా వచ్చేశాయి. పిల్లకి వేరే బిల్లు ఉంటుందని డబ్బు లెక్క వేసుకునేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

బయట మావాళ్లకి పాపను చూపించే ముందే ఆయాలు, వార్డుబాయ్‌లు చుట్టుముట్టారు. "ఆడపిల్లయితే ఐదొందలు, మగపిల్లాడైతే వెయ్యి" అని రేటు పెట్టుకున్నారట. మా నాన్న వెయ్యి తీసి ఇచ్చి, "మా ఇంట్లో ఇద్దరికీ ఒకటే రేటమ్మా" అన్నారు. ఈ మాట నాకు తర్వాత అమ్మ చెప్పింది. డబ్బు అడిగిన పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకుని వెళ్లడం తప్ప ఆ పూటకి వేరే దారి లేదు.

ఆపరేషన్ అయ్యాక రెండు రోజులూ వార్డంతటికీ ఒకటే ప్రశ్న: గ్యాస్ వెళ్లిందా? అది వెళ్తేనే తిండి పెడతారు. డాక్టరు అడిగారు, నర్సు అడిగింది, అమ్మ గంటకోసారి అడిగింది. చివరికి విజయనగరం నుంచి ఫోన్ చేసిన మావయ్యగారు కూడా మొహమాటపడుతూ "ఏమ్మా, అది... అయ్యిందా?" అన్నారు. అయ్యింది అని చెప్పి ఫోను అత్తయ్యకి ఇమ్మన్నాను. కుడి భుజంలో నొప్పి వస్తే గుండెపోటేమో అనుకున్నాను. అదీ లోపలి గాలి వల్లేనట. మొదటిసారి మంచం దిగినప్పుడు కుట్ల దగ్గర చించుకుపోతున్నట్టే ఉంటుంది. నడుము వంచి నడిచినా పర్వాలేదు గానీ నడవండి. నడిచిన రోజు నుంచే తేడా తెలిసింది.

పాల దగ్గర మొదలైంది అసలు టెన్షన్. రెండో రోజు వరకూ చిక్కటి ముర్రుపాలు చుక్కలు చుక్కలుగా తప్ప లేవు. పాప కడుపు గోలీకాయంతే ఉంటుంది, ఆ చుక్కలే చాలు అని నర్సు చెబుతోంది. చూడ్డానికొచ్చిన పెద్దమ్మ పర్సులో తేనె సీసా తెచ్చింది. తేనె ఏడాది నిండేదాకా వద్దని పిల్లల డాక్టరు గట్టిగా చెప్పారు. పెద్దమ్మ అలిగింది. "మేమంతా తేనె నాకే పెరిగాం" అంది. పక్క బెడ్ ఆవిడ డబ్బాపాలు పట్టెయ్యమంది. పాప ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను, అమ్మ బాత్‌రూములోకి వెళ్లి ఏడుస్తోంది. రాత్రి డ్యూటీలో ఉన్న పెద్ద నర్సు వచ్చి, అందర్నీ బయటికి పంపి, దిండు పెట్టి, పాప నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి పట్టించింది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు కేటాయించే మనిషి మీ ఆసుపత్రిలో ఉన్నారో లేదో రూము అద్దె కంటే ముందు అడగండి.

నాలుగో రోజుకి పాప కళ్లు, ఛాతీ పసుపు తిరిగాయి. బరువు 2.68కి దిగింది. పుట్టాక కాస్త తగ్గడం మామూలేనట, రెండు వారాల్లోపు మళ్లీ వచ్చేస్తుందట. కామెర్లు మాత్రం రక్తపరీక్షలో (బిలిరుబిన్) 17 దాటాయని నీలం లైటు కింద పెట్టారు. కళ్లకి గంతలు, ఒంటి మీద డైపర్ తప్ప ఏమీ లేదు. పాలకి మాత్రమే బయటికి తీసి ఇస్తారు. గాజుపెట్టె మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను, ఎందుకో తెలీకుండా కన్నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. డాక్టరుగారు రౌండ్స్‌లో చూసి, కాన్పయ్యాక మొదటి వారం పది రోజులు ఇలా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం దాచుకోకుండా రా అన్నారు. చాలామందికి ఉండేదేనని చెప్పేసరికి సగం భారం దిగింది. నాకు పది రోజుల్లో తగ్గింది. తగ్గకపోతే వెళ్లేదాన్నే.

నవంబరు 3న డిశ్చార్జ్. నా బిల్లు రూ.92 వేలు, పాపది రూ.21 వేలు. అందులో ఎక్కువ ఆ నీలం లైటుదే. ఇన్సూరెన్సు నుంచి రూ.50 వేలు వచ్చాయి. ఫైనల్ బిల్లుకి పొద్దున చెబితే గాజువాక చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇన్సూరెన్సు అప్రూవల్ ఉంటే ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా ఆసుపత్రిలోనే అనుకోండి.

ఇంట్లో అమ్మమ్మ రాజ్యం. చోడవరం దగ్గర పల్లె నుంచి కాయం సీసా పట్టుకుని దిగింది. శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి ఇంకా ఏవేవో వేసి చేసిన ముద్ద, పొద్దున్నే పరగడుపున తినాలి. ఘాటుగా ఉన్నా నాకు నచ్చింది. పాలు పడటానికి తెలగపిండి మునగాకు కూర, పాలసొర. నాన్న తెల్లారే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి పాలసొర తెచ్చేవారు. వెల్లుల్లి దండిగా వేసి అమ్మ చేసిన సొరపుట్టు కోసమైనా ఇంకోసారి కనొచ్చు అనిపించింది. గొడవంతా నీళ్ల దగ్గర. డాక్టరు మూడు లీటర్లు తాగమన్నారు. నేను చెంబెత్తితే అమ్మమ్మ, "ఏటే, అలా గటగటా తాగేస్తన్నావు? పొట్ట వచ్చేస్తాది" అని లాగేసుకునేది. "డాక్టరమ్మ చెప్పింది అమ్మమ్మా" అంటే "డాక్టరమ్మకేటి తెలుస్తాది, నేను ఆరుగుర్ని కన్నాను" అనేది. మా ఆయన శని, ఆదివారాలు వచ్చినప్పుడు దిండు వెనక బాటిళ్లు దాచి వెళ్లేవాడు.

బొడ్డు ఊడేదాకా స్నానం వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలన్నారు డాక్టరు. నవంబరు 7న బొడ్డు ఊడింది, 8న పదకొండో రోజు పురుడు. ఇల్లంతా కడిగి, నాకూ పాపకూ తలంటు. ఆ రోజు అమ్మమ్మ చేతులు చూడాలి. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పాపను బోర్లా వేసుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, మోచేతితో నీళ్ల వేడి చూసి, ఒక చేత్తో పాప నుదుటి మీద అడ్డం పెట్టి రెండో చేత్తో పోసింది. ఒక్క చుక్క కంట్లోకి పోలేదు. నాకు ఆ పని ఇప్పటికీ పూర్తిగా రాలేదు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు మాత్రం వేయనివ్వలేదు నేను. సాంబ్రాణి పొగ పాపకి కాకుండా పాప బట్టలకి పట్టించేట్టు, కాటుక కంటికి కాకుండా అరికాలికి పెట్టేట్టు ఒప్పందం కుదిరింది.

18న ఇరవై ఒకటో రోజు బారసాల. ఆ ఉదయం బాలింత నూతిలో చేద వేయాలి. గాజువాకలో మా అపార్ట్‌మెంటుకి నుయ్యి ఎక్కడిది? పంతులుగారు కాసేపు ఆలోచించి, బోరు మోటారు పైపుకి పసుపు రాసి బొట్టు పెట్టించారు. వాచ్‌మన్ మోటారు వేశాడు, నేను బిందె పట్టాను. చూస్తున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నక్షత్రం ఉత్తరాషాఢ మూడో పాదం, అక్షరం "జా". అత్తయ్యకి లక్ష్మి ఉండాలి, మా చెల్లికి రెండక్షరాల్లో ఉండాలి, బాబాయికి ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక హెచ్ ఎక్కువ పెట్టాలి. బంధువుల పిల్లలు అప్పటికే మొంథా అని పిలవడం మొదలుపెట్టారు. పళ్లెంలో బియ్యం పోసి, మా ఆయన ఉంగరంతో రాసిన పేరు మేమిద్దరం ముందే అనుకున్నదే. వచ్చిన ప్రతివాళ్లూ పాప పిడికిట్లో నోటు పెట్టారు. పసిపిల్లలు చేతిలో ఏది పెట్టినా గట్టిగా పట్టేస్తారు కదా, వంద నోట్లు నలిగి ఉండలయ్యాయి. "గట్టిపిల్ల, ఇచ్చింది వదలదు" అని మావయ్యగారు మురిసిపోయారు. జలుబుతో వచ్చిన ఒకరికి మాత్రం పాపను ఇవ్వలేదు. ముఖం మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ.

ఇక కాగితాలు. పుట్టుకను 21 రోజుల్లోపు నమోదు చేయాలి, అప్పుడు ఫీజు ఉండదు. ఆసుపత్రిలో పుడితే వివరాలు వాళ్లే జీవీఎంసీకి, అంటే విశాఖ కార్పొరేషన్‌కి పంపుతారు. డిశ్చార్జ్ హడావుడిలో ఒక ఫారం చేతిలో పెడతారు. తల్లి చదువు, పెళ్లినాటి వయసు, నెలలు ఎన్ని, బరువెంత, అన్నీ అడుగుతుంది. పాప పేరు ఖాళీగా వదిలేయొచ్చు, ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు. మాకు చిక్కు వచ్చింది నా పేరు దగ్గర. నా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంది. ఫారంలో నేను అలాగే రాశాను. ఆసుపత్రి కంప్యూటర్ దగ్గర కూర్చున్నాయన మా ఆయన ఇంటిపేరు చూసి, అదే నాకూ తగిలించి పంపేశాడు. ఆ సర్టిఫికెట్ చూసి ఏమవుతుందిలే అన్నారు అందరూ. అవుతుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూలు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. అందులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే జీవితాంతం తిరగాలి. ఆసుపత్రి నుంచి తప్పు మాదేనని లెటరు, ఇద్దరి ఆధార్ కాపీలు, పెళ్లి సర్టిఫికెట్ పెట్టి దిద్దించాం. ఆ లెటరు కోసమే మా ఆయన ఆఫీసుకి సెలవులు పెట్టాల్సి వచ్చింది. దిద్దిన కాపీ పాప పేరుతో సహా డిసెంబరు రెండో వారంలో చేతికొచ్చింది. అప్‌లోడ్ చేసేముందు స్క్రీను మీద చూపించమని అడగండి, చూపిస్తారు.

డిసెంబరు 10కి ఆరు వారాలు నిండాయి. అదృష్టం కొద్దీ బుధవారం, టీకాల రోజే. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ ఇంజెక్షన్ పుట్టినప్పుడే ఆసుపత్రిలో ఇచ్చారు. ఆరు వారాలవి మా వార్డు అర్బన్ హెల్త్ సెంటర్‌లో వేయించాం, ఫీజు ఏమీ లేదు. బయట ఇవే వేలల్లో అడుగుతున్నారు. రెండు తొడలకీ సూదులు, చేతికి చిన్న పోలియో సూది, నోట్లో చుక్కలు. టీకాలు వేసే ఏఎన్‌ఎమ్ నర్సమ్మ అరగంట అక్కడే కూర్చోబెట్టింది. రాత్రి జ్వరం వచ్చింది, బరువును బట్టి డాక్టరు రాసిన పారాసిటమాల్ చుక్కలతో మర్నాటికి దిగింది. సరిగ్గా అప్పుడే ఎడమ భుజం మీద బీసీజీ వేసినచోట చిన్న చీము పొక్కు లేచింది. అమ్మమ్మ పసుపు తీసుకొచ్చేసింది. అది అలాగే వచ్చి అదే మానుతుంది, ఏమీ రాయొద్దు అని ఏఎన్‌ఎమ్ ముందే చెప్పడం మంచిదైంది. అంగన్‌వాడీ అక్క కూడా అక్కడే కలిసి, మొదటి కాన్పుకి కేంద్రం ఇచ్చే రూ.5 వేల మాతృవందన డబ్బులో రెండో విడతకి కావాల్సిన కాగితాలు రాసుకుంది. మొదటి విడత రూ.3 వేలు కడుపుతో ఉన్నప్పుడే పడ్డాయి. మిగతా రెండు వేలకి పుట్టిన సర్టిఫికెట్టూ, పద్నాలుగు వారాల టీకాలూ పూర్తవ్వాలి.

విశాఖలో పిల్ల పుడితే బురుజుపేట వెళ్లకుండా ఎలా? పుట్టిన బిడ్డను కనకమహాలక్ష్మి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టి తీసుకోవడం మా ఇంట్లో నా దాకా అందరికీ జరిగింది. అత్తయ్య మార్గశిర గురువారమే వెళ్దామన్నారు. ఆ నెల గురువారాల్లో వన్‌టౌన్ సందుల్లో జనం ఎలా ఉంటారో తెలిసినవాళ్లెవరూ చంటిపిల్లతో వెళ్లరు. సంక్రాంతి అయ్యాక ఒక మామూలు రోజు పొద్దున్నే వెళ్లాం. అక్కడ గర్భగుడికి పైకప్పు ఉండదు, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. పొద్దుటి ఎండ నేరుగా పాప మొహం మీద పడింది. పసుపు నీళ్లతో తడిసిన రాయి చల్లగా తగిలేసరికి కెవ్వుమంది. వెనకున్నావిడ "ఏడవాలమ్మా, ఏడిస్తేనే మంచిది" అని, తన పూలదండలోంచి ఒక చామంతి తుంచి పాప మీద వేసింది. వెళ్లేటప్పుడు పాత తువ్వాలు ఒకటి పట్టుకెళ్లండి, బట్టలన్నీ పసుపు అవుతాయి.

జనవరి ఆఖరున ఆధార్. అయిదేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు, కళ్ల స్కానింగ్ ఉండవు. ఫొటో, పుట్టిన సర్టిఫికెట్, తల్లిదండ్రుల్లో ఒకరి ఆధార్, వాళ్ల వేలిముద్ర చాలు. కొత్త ఆధార్‌కి డబ్బు కట్టక్కర్లేదు. చిక్కల్లా ఫొటోతోనే. కళ్లు తెరిచి ముందుకి చూడాలి, పక్కన పట్టుకున్నవాళ్ల చేతులు కనపడకూడదు. పాప నిద్రపోతుంది, లేస్తే ఏడుస్తుంది, ఏడుపు ఆపితే ఫ్యాను చూస్తుంది. ఆపరేటర్ అబ్బాయి ఫ్యాను ఆపేసి తన ఫోన్‌లో టార్చి వేసి కెమెరా పైన పట్టుకున్నాడు. పాప అటు చూసింది, నొక్కేశాడు. పాలు తాగి నిద్ర లేచిన టైముకి వెళ్లేట్టు చూసుకోండి, లైన్లో మధ్యలో పాలు పట్టాల్సి వస్తే కూర్చునే చోటు ఉందో లేదో ముందే చూసుకోండి. మాకు సచివాలయంలో వెల్ఫేర్ అమ్మాయి తన కుర్చీ ఇచ్చింది. వేలిముద్రకి నా బొటనవేలు పడలేదు, ఇంటి పనికి అరిగిపోయిందట. మా ఆయనది వెంటనే పడింది. ఆ విషయం మీద ఇంటిదాకా మాట్లాడుతూనే వచ్చాను.